ఐదో అధ్యాయం తియ్యను

ఏమోయ్ పుస్తకాల పురుగూ, ముందా కళ్లజోడు తుడుచుకో. నిన్నెవరూ బోల్తా కొట్టించలేరనేగా నీ ధీమా? మన మూటల మామయ్య కూడా సరిగ్గా అలాగే అనుకునేవాడు.

ముప్పై ఏళ్లు గోదాములో బస్తాలు మోసిన మనిషి. చదివింది ఐదో తరగతి, కోసిన కోతలకి మాత్రం లెక్కే లేదు. హమాలీల పాటల మీద పరిశోధన అంటూ మేనకోడలు రికార్డరు పట్టుకుని వచ్చేసరికి ఆయనకి ఎక్కడలేని హుషారూ పుట్టుకొచ్చింది. "మా తాతల నాటి పాటమ్మా!" అంటూ అక్కడికక్కడే కట్టి పాడేసేవాడు. ఆ పిల్లేమో కళ్లొత్తుకుని, "ఇంకోటి మామయ్యా" అనేది. మూడేళ్లలో పదిహేడు పాటలు!

ఇవాళ ఆ పిల్లకి వైవా. మామయ్యని పట్టుబట్టి వెంట తెచ్చుకుంది. వెనక కుర్చీలో, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి కూర్చున్నాడాయన. బల్లకి అటువైపు గైడు మేడమూ, పరీక్షించడానికొచ్చిన పెద్ద ప్రొఫెసరూ.

ప్రొఫెసరు థీసిస్‌లో చివరి కాగితాలు తిప్పి మొహం చిట్లించాడు. "వందేళ్ల నాటి పాటలో ప్లాస్టిక్ సంచీ ఏంటమ్మా? ఈ పదిహేడూ దొంగపాటలు. ఐదో అధ్యాయం పీకెయ్. లేదంటే డిగ్రీ మాట మర్చిపో."

వెనక మామయ్య కుర్చీ అంచుకి జరిగాడు.

"అధ్యాయం చదివి అడగండి సార్" అంది మేనకోడలు.

"పాటలు చూశాను. చాలు."

"అయితే తియ్యను."

"ఏంటీ?"

"ఒక్క పాట కూడా తియ్యను. హమాలీలు ఏం పాడారో అదే నా పుస్తకంలో ఉంటుంది. డిగ్రీ ఇస్తే ఇవ్వండి, మానితే మానండి."

ఓసి మొండిఘటమా, నా కోతల కోసం ఐదేళ్ల చదువు బుగ్గిపాలు చేసుకుంటావా! మామయ్య కూర్చోలేకపోయాడు.

"అయ్యా! తప్పు పిల్లది కాదు. అవన్నీ నేను కట్టినవే. పెన్నూ కాగితం పట్టుకుని ఎవరొచ్చినా ఆటపట్టించడం మా గోదాములో మామూలే. తిడితే నన్ను తిట్టండి, దాని డిగ్రీ దానికిచ్చెయ్యండి!"

"విన్నావా?" అన్నాడు ప్రొఫెసరు, కుర్చీలో వెనక్కి వాలుతూ.

"విన్నాను సార్. మీరూ విన్నారు. ఇప్పుడైనా ఐదో అధ్యాయం మొదటి పేజీ తియ్యండి."

తీశాడు. చదివాడు. "పరిశోధకులని హమాలీలు ఆటపట్టించే తీరు..." చివరికొచ్చేసరికి గొంతు పాతాళంలోకి దిగిపోయింది.

"ఇందాక ఆయన ఒప్పుకున్నది కూడా రాసుకున్నాను సార్" అంది గైడు మేడమ్, నవ్వు బిగబట్టుకుని.

మామయ్య నోరు తెరిచాడు. "ఒసేయ్, నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే. వంటింట్లో అత్తయ్య చెప్పేసింది."

"మరి నేను పాడిన ప్రతిసారీ కళ్లొత్తుకున్నావే!"

"నేను ఏడవకపోతే నువ్వు పదిహేడు కట్టేవాడివా మామయ్యా?"