‘ద’ దగ్గర

వాషింగ్ మెషీన్ ఒక విడత బట్టలు ఉతకడానికి నలభై రెండు నిమిషాలు తీసుకుంటుంది. నా సంగీతమంతా ఆ నలభై రెండు నిమిషాల్లోనే. వంటింటి వెనక చిన్న బాల్కనీలో, సబ్బుపొడి డబ్బా పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. మెషీన్ హోరు నా గొంతును కప్పేస్తుంది కాబట్టి హాల్లో టీవీ చూసేవాళ్లకు ఇబ్బంది ఉండదు. నలభై ఆరేళ్ల వయసులో సరిగమలు మొదలుపెట్టిన ఆడది ఇంతకన్నా మర్యాదగా ఎలా ఉంటుందో నాకైతే తెలియదు.

సంగీతం క్లాసులో చేరతానన్న రోజు మా ఆయన నవ్వారు. “సరిగమలా? అవి చిన్నపిల్లలు కదా నేర్చుకునేది!” అన్నారు. తర్వాత ఉదారంగా ఒప్పుకున్నారు. “నేనేమన్నా వద్దన్నానా? పనులన్నీ అయ్యాక చేసుకో. మూడు నెలలు చూద్దాం. రాకపోతే మానేద్దువుగాని.” పనులన్నీ అయిపోవడమనే వింతను ఈ ఇంట్లో ఇరవై రెండేళ్లలో నేనొక్కసారీ చూడలేదు. ఆయనకు రోజూ కనిపిస్తుందేమో. అందుకని పని జరుగుతూ ఉండగానే పాడుకోవడం మొదలుపెట్టాను. బట్టలు తిరుగుతున్నంతసేపూ నేను పనిలో ఉన్నట్టే లెక్క.

తొడ మీద తాళం వేసుకుంటూ స, రి, గ, మ... కింది స్వరాలు మెషీన్ హోరులో కలిసిపోతాయి. ప వరకూ ఇంట్లో నేనున్నట్టే ఎవరికీ తెలియదు. ద దగ్గరికి వచ్చేసరికి గొంతు హోరు మీదికి లేచి హాల్లోకి వినబడుతుంది. అది వినబడగానే నేను ఖాళీగా కూర్చున్నానన్న సంగతి అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది.

“ఏమోయ్, నా కళ్లజోడెక్కడ పెట్టావ్?”

“అమ్మాయ్, గేటు దగ్గర ఎవరో వచ్చినట్టున్నారు, చూడమ్మా!”

కళ్లజోడు నేను పెట్టలేదు. అది ఆయన నెత్తి మీదే ఉంటుంది. గేటు మా అత్తయ్య కుర్చీకి పదడుగుల దూరం. అయినా లేస్తాను, చూస్తాను, చెప్తాను, వచ్చి మళ్లీ స నుంచి ఎత్తుకుంటాను. మళ్లీ ద దగ్గర “ఏమోయ్!”

ఇలా పదకొండు వారాలు గడిచాయి.

మా క్లాసు శనివారం సాయంత్రాలు, ఒక బడి గదిలో. పిల్లల బెంచీలు కావడంతో మోకాళ్లు ఒరుసుకుంటాయి. పెద్దవాళ్లం ఏడుగురం. టీచరుకు ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను ఆంటీ అని పిలవదు, ఆమె మీద నాకు గౌరవం కలగడానికి అదొక్కటే చాలు. ఆ శనివారం ఆమె శ్రుతి పెట్టె ముందు కూర్చుని చెప్పింది.

“వచ్చే వారం ఒక్కొక్కరూ పాడాలి. కింది స నుంచి పై స దాకా ఎక్కి, మళ్లీ దిగాలి. ముందు నెమ్మదిగా. రెండో కాలంలో అదే పాఠం రెండింతల వేగంతో. మధ్యలో ఆగకుండా పాడినవాళ్లు పై తరగతికి వస్తారు. మిగతావాళ్లు కొత్త బ్యాచ్‌తో మొదటినుంచి. సరే, ఇవాళ ఒకసారి చూద్దాం.”

నా వంతు వచ్చింది. స, రి, గ, మ, ప, ద... ఆగిపోయాను.

“ఏమైందండీ?”

“ఊపిరి చాల్లేదు.”

“మళ్లీ పాడండి.”

మళ్లీ పాడాను. ద. ఆగాను. మూడోసారీ అంతే. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. టీచరు శ్రుతి ఆపేసి నా మొహంలోకి చూసింది.

“ఊపిరి కాదండీ. ద అనగానే మీరు ఆగి, తలుపు వైపు చూస్తున్నారు. మూడుసార్లూ చూశారు. ఎవరన్నా రావాలా?”

నా చెవులు వేడెక్కాయి. ఎవరూ రానక్కర్లేదండీ అన్నాను. నా పక్క బెంచీలో రిటైరైన బస్సు డ్రైవరుగారు కూర్చుంటారు. అరవై దాటిన పెద్దమనిషి, నాతోపాటు అదే రోజు చేరారు. ఆయన వంతు వస్తే లేచి, పై స దాకా ఎక్కి, అక్కడ కాసేపు హాయిగా నిలబడి, తీరిగ్గా దిగారు. తర్వాత నన్ను ఓదార్చడానికి ఇటు వంగారు.

“మొదట్లో నాకూ వచ్చేది కాదమ్మా. రోజూ గంట కూర్చుంటే అదే వస్తుంది. ఆ గంటా మా ఆవిడ టీవీ కట్టేస్తుంది. ఫోన్లూ తనే ఎత్తుతుంది. ఎవరన్నా వచ్చినా ‘ఆయన సాధనలో ఉన్నారు, తర్వాత రండి’ అని గుమ్మంలోంచే పంపేస్తుంది. మహాతల్లి!”

“ఆవిడ కూడా పాడతారా?” అని అడిగాను.

“అబ్బే, తనకెక్కడ తీరుతుందమ్మా!”

ఆ మనిషి మంచివాడు, నిజంగా మంచివాడు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ మంట తగ్గలేదు. ఆయనకూ నాకూ ఒకే పాఠం, ఒకే పదకొండు వారాలు. ఆయనకు గుమ్మంలో ఒక మనిషి కాపలా ఉంది. మా ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడే మనిషిని నేనే. తెగిపోయినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సగం తాగి వదిలేసిన కాఫీలు. అమ్మ బతికున్నప్పుడు ఫోన్లో “ఉండమ్మా, మళ్లీ చేస్తా” అని పెట్టేసి మళ్లీ చేయని మాటలు. ఆసుపత్రి రికార్డుల విభాగంలో పదిహేనేళ్లుగా నా పని. మీటింగులో నేను నోరు తెరిస్తే మా సెక్షన్ హెడ్ “అర్థమైంది, అర్థమైంది” అని చెయ్యి ఎత్తుతాడు. పది నిమిషాల తర్వాత ఆ మాటే తను చెప్పి, పై అధికారి చేత శభాష్ అనిపించుకుంటాడు. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న మా అబ్బాయి పుట్టేటప్పుడు, నేను పురిటి నొప్పులు పడుతుంటే నర్సు ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. మా ఆయనే. “నీలం చొక్కా ఇస్త్రీకిచ్చావా, ఇంట్లోనే ఉందా?” అన్నారు. నేనేం చేశాననుకున్నారు? పళ్లబిగువున “రెండో అరలో” అని చెప్పాను. ఇన్నాళ్లూ దాన్ని నవ్వు పుట్టించే ముచ్చటగా అందరికీ చెప్పుకున్నాను కూడా. సిగ్గులేకపోతే సరి.

రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగారు. “ఏమంటోంది మీ టీచరు? మూడు నెలలు కావొస్తోందిగా.”

“వచ్చే వారం పరీక్ష.”

“పాసవ్వకపోతే ఇక వదిలేయ్. శనివారం సాయంత్రాలన్నా ఇంట్లో ఉంటావు.”

ఇంట్లో ఎందుకుండాలో ఆయన చెప్పలేదు. కంచాలు తీశాను.

మంగళవారం అత్తయ్యకు కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. తీసుకెళ్లేది ఎప్పుడూ నేనే. ఈసారి ఆఫీసులో మీటింగుందని అబద్ధం చెప్పాను. ఆయన సణుక్కుంటూ ఆవిడను తీసుకెళ్లారు. నేను సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చి తలుపు గడియ వేశాను. మెషీన్ వేయలేదు, ఫోన్ కట్టేశాను. ఇల్లంతా నాది. బాల్కనీలో కూర్చుని స అందుకున్నాను. రి, గ, మ, ప, ద...

ఆగిపోయాను.

మెడ దానంతటదే హాలు వైపు తిరిగింది. అక్కడ ఖాళీ కుర్చీలున్నాయి. పిలిచేవాళ్లు లేకపోయినా నేను పలకడానికి సిద్ధంగా ఉన్నాను! ఇంకోసారి పాడాను, మళ్లీ అంతే. వాళ్ల పిలుపు నా గొంతులోకే వచ్చి కూర్చుంది, వాళ్లు ఇంట్లో లేకపోయినా పని చేస్తోంది. పట్టలేని కోపంతో బట్టల క్లిప్పుల బుట్ట తీసి నేలకేసి కొట్టాను. అవి బాల్కనీ అంతా చెల్లాచెదురయ్యాయి. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని అన్నీ నేనే ఏరుకున్నాను. ఇంకెవరు ఏరతారు?

ఏరుతున్నప్పుడే తట్టింది, ఖాళీ ఇల్లు నాకు పనికిరాదని. స్వరాలు నాకు వచ్చు, గొంతూ ఉంది. నేను సాధన చేయాల్సింది పలక్కుండా ఉండటం. దానికి పిలిచేవాళ్లు ఎదురుగా ఉండాలి.

శనివారం పొద్దున్న టిఫిన్లు అయ్యాక అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఆయన గదిలో ఎక్కడికో తయారవుతున్నారు. అత్తయ్య హాల్లో టీవీ ముందు కూర్చుంది. మాసిన బట్టలు మెషీన్ పక్కన కుప్పగా ఉన్నాయి, ఉండనిచ్చాను. పీట తెచ్చి హాలు మధ్యలో వేసుకున్నాను. టీవీ కట్టేశాను.

“అదేంటమ్మాయ్, చూస్తున్నాగా!” అంది అత్తయ్య.

“ఒక్క పావుగంట, అత్తయ్యా.”

స అందుకున్నాను. మెషీన్ హోరు లేకపోవడంతో మొదటి స్వరమే గోడలకు తగిలి తిరిగొచ్చింది. నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలియదు. రి. గ. మ. ప.

“ఏమోయ్! నా నల్ల సాక్సులేవి?”

ద. మెడ నరాలు హాలు చివరి గది వైపు లాగాయి. తొడ మీద వేళ్లు అదుముతూ తాళం వేశాను. తల తిప్పలేదు.

“ఏమోయ్, నిన్నే!”

ని.

“అమ్మాయ్, వాడు పిలుస్తున్నాడు, వినబడట్లేదా?”

పై స. సన్నగా వణికింది, కానీ వచ్చింది. పన్నెండు వారాల్లో మొదటిసారి దాని మీద నిలబడ్డాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, కారనిచ్చాను. ఆయన ఒంటికాలికి గోధుమరంగు సాక్సుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. “ఏమైంది దీనికి?” అని వాళ్లమ్మను అడిగారు. నేను ఆయన మొహంలోకే చూస్తూ దిగడం మొదలుపెట్టాను. స, ని, ద, ప. ఒక్కో మెట్టూ దిగి కింది స దగ్గరికి చేరి, ఊపిరి పీల్చుకున్నాను.

“అయిందా?” అన్నారాయన. “సాక్సులెక్కడున్నాయో చెప్పి పాడుకోరాదూ!”

ఎక్కడున్నాయో నాకు తెలుసు. రెండో కాలం ఎత్తుకున్నాను.