ఎనిడ్ అందించిన మాటలు

పాత ఇంగ్లిషు నాటకాలు ఆడే మా కంపెనీ ఇంగ్లండులోని హల్ పట్టణంలో ఉంది. ఇరవై రెండేళ్లుగా నా పని ఒక్కటే. తెర పక్కన స్టూలు మీద పుస్తకం పట్టుకుని కూర్చోవడం, ఎవరైనా మాట మరిచిపోతే అందించడం. ఆ ఇరవై రెండేళ్లూ ఎనిడ్ ఓల్డ్‌రాయిడ్ నా స్నేహితురాలు. దాదులు, మంత్రసానులు, రాణుల వెనక నిలబడే ముసలి చెలికత్తెలు, కంపెనీ ఆమెకు ఇచ్చినవి ఆ వేషాలే. కానీ ఆమె నోట పద్యం పడితే, ఆఖరి వరసలో ఉన్నవాడికి కూడా పక్కన కూర్చుని చెబుతున్నట్టు వినిపించేది.

ఇప్పుడు చెప్పబోయే నాటకాన్ని వెతికి పట్టుకున్నది ఎనిడే. నాలుగు వందల ఏళ్ల కిందట, మొదటి ఎలిజబెత్ రాణి రోజుల్లో పేరు తెలియని ఎవరో రాశారు. మిగిలిన ఒక్క ప్రతీ ఓ చర్చి గ్రంథాలయంలో ఉంది. అక్కడ కలం వాడనివ్వరు. ఎనిడ్ ఒక చలికాలమంతా సెలవు రోజుల్లో రైలెక్కి వెళ్లి, పెన్సిలుతో మొత్తం ఎత్తి రాసుకొచ్చింది. తన కొడుకును ఉరితీసిన రాజు సైన్యాన్ని ఏరు దాటించనని పడవ తాడు కోసేసిన ఒక విధవ కథ అది. చివర్లో ఆమె ఏటితో మాట్లాడుతుంది, ఎనభై పంక్తులు.

"ఎవరు చూస్తారు దీన్ని?" అని ఇద్దరు డైరెక్టర్లు తిప్పి పంపారు. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన మూడోవాడు లూకస్ హార్‌గ్రీవ్, కుర్రవయసు వాడు, కూర్చున్న చోటు నుంచి లేవకుండా చదివి, "ఎనిడ్, ఇది బంగారం!" అన్నాడు. ఆవేళ ఎనిడ్ నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లి చేపముక్కలూ చిప్సూ తినిపించింది.

"అరవై ఒకటో ఏట, ప్రూ! అరవై ఒకటో ఏట నాకు పెద్ద వేషం!"

వేషాల పట్టిక గోడకు అంటించిన రోజు నేను ఆమె పక్కనే ఉన్నాను. విధవ వేషం కెల్లీ ఫ్రేన్‌ది. టీవీ సీరియల్లో నర్సుగా ఇల్లిల్లూ ఎరిగిన మనిషి. ఎనిడ్‌ది నీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడే పనిమనిషి, నాలుగు మాటలు. ఎనిడ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

నేను నిజం చెప్పాలి. ముందురోజు లూకస్ నన్ను గదిలోకి పిలిచి ఆ పట్టిక చూపించాడు. "ఎనిడ్ రభస చేస్తుందంటావా? నీకు బాగా తెలుసుగా."

"గొడవపడే మనిషి కాదు," అన్నాను.

అతను హమ్మయ్య అనుకోవడం నా కళ్లతో చూశాను. ఇది అన్యాయమన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. నా ఉద్యోగమే మాటలు అందించడం.

"ఇప్పటి జనం గంటన్నర మించి కూర్చోరు," అంటూ లూకస్ చెబుతుంటే నేను పుస్తకంలో పంక్తులు కొట్టేస్తూ పోయాను. ఎనభై పంక్తులు నలభై అయ్యాయి. ఎనిడ్ నాలుగు మాటలూ పోయాయి. రాజు చేతికి సెల్‌ఫోన్ వచ్చింది.

కెల్లీ చెడ్డ పిల్ల కాదు. భయస్థురాలు. "ఇక్కడ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పవూ, నా తల్లివి కదూ," అని ఎనిడ్ వెంట తిరిగేది. ఎనిడ్ టీ చల్లారిపోయేదాకా చెప్పేది.

"నీకెందుకే ఈ బాధ?" అన్నాను ఒకసారి.

"ఆ పిల్ల తడబడితే పాడయ్యేది నాటకం," అంది.

మొదటి ప్రదర్శనలో, ఏటితో మాట్లాడే చోట, కెల్లీ ఆగిపోయింది. నేను పంక్తి మీద వేలు పెట్టి నోరు తెరిచేలోపే కెల్లీ వెనక నుంచి ఎనిడ్ గొంతు వినిపించింది. చేతిలో పళ్లెం కదలకుండా, తల ఎత్తకుండా, పంక్తి మెల్లగా చెప్పింది. కెల్లీ అందుకుంది. మళ్లీ ఆగింది, మళ్లీ ఎనిడ్ అందించింది. పది పంక్తులు అలా ఒకరి వెనక ఒకరు. హాల్లో ఒక్కరూ దగ్గలేదు.

మర్నాడు పత్రికలు ఆకాశానికెత్తాయి. మూగ పనిమనిషి నోట గతాన్ని పలికించిన డైరెక్టర్ సాహసమట!

"అదే ఉంచేద్దాం. ప్రతి ఆటలోనూ," అన్నాడు లూకస్.

"అయితే నా పేరు వెయ్యండి," అంది ఎనిడ్. "ఆ నాటకం తెచ్చినందుకైనా."

"కరపత్రాలు అచ్చయిపోయాయి, ఎనిడ్."

నలభై ఆటలు అలాగే ఆడారు. ఈలోగా కెల్లీకి పంక్తులన్నీ కంఠతా వచ్చేశాయి. మరిచిపోయినట్టు ఇప్పుడు నటించాల్సి వచ్చింది.

ఆ తర్వాత లండన్ పిలుపు వచ్చింది. పెద్ద థియేటర్, మూడు నెలలు. పనిమనిషి వేషానికి అక్కడి వాళ్లు మరో పేరున్న నటిని అడిగారు. లూకస్ ఎనిడ్‌ను నా ఎదుటే పిలిచి చెప్పాడు.

"నీ గొంతు మాత్రం కావాలి. రేపు రికార్డు చేసుకుంటాం. ఒక గంట పని."

"నా గొంతు లండన్ వస్తుంది, నేను రాను. అంతేనా?"

"ఎనిడ్, అలా తీసుకోకు."

"మరెలా తీసుకోమంటావు బాబూ?" ఆమె గొంతు పెంచలేదు. "నేనొస్తే అదీ వస్తుంది. లేదంటే లేదు." నా వైపు చూసింది. నేను ఏదో అంటానని ఒక్క క్షణం ఎదురుచూసింది. తర్వాత కోటు తీసుకుని వెళ్లిపోయింది. కంపెనీ ఆమె ఒప్పందాన్ని మళ్లీ రాయలేదు.

మాంచెస్టర్ నుంచి ఎవరో ఒకావిడను పిలిపించి, అచ్చం ఎనిడ్‌లా చెప్పించి రికార్డు చేశారు. లండన్‌లో రోజూ ఆ రికార్డు వినిపించే మీట నొక్కింది నేనే. చూసినవాళ్లెవరికీ తేడా తెలియలేదు. నాకు తెలిసేది, రోజూ.

చివరి వారంలో ఒక పొద్దున ఎనిడ్‌కు ఫోన్ చేశాను.

"హాలు నిండుతోందా?" అని అడిగింది.

"నిండుతోంది. ఎనిడ్, ఆ రోజు నేను..."

"కెల్లీ ఊపిరి సరిగ్గా తీసుకుంటోందా?"

"తీసుకుంటోంది."

"మంచిది. ఇక ఫోన్ చెయ్యకు, ప్రూ."

పెట్టేసింది. నేను మళ్లీ చెయ్యలేదు. చెయ్యవద్దంది కాబట్టే అని ఎవరైనా అడిగితే చెబుతుంటాను.