మొదటి చేప మొప్పలు

వానలు తగ్గాక మా చెరువులో మొదటి వల వేసే రోజు ఒక పద్ధతి ఉంది. పడిన చేపను గంగమ్మ ముందు పెట్టి కులపెద్ద మొప్ప ఎత్తి చూస్తాడు. ఎర్రగా ఉంటే తల్లి ఒప్పుకున్నట్టు. అప్పుడే అందరూ వలలు దించుతారు. బోధన్ దగ్గరి మా ఊళ్లో నాకు తెలిసినంత కాలం ఇది తప్పలేదు.

అరవై తొమ్మిదిలో ఆ మొదటి చేపను పట్టింది నేను. కులపెద్ద భీమన్న మొప్ప ఎత్తాడు. లోపల బూడిద రంగు, దాని మీద గంజిలాంటి జిగురు.

"సచ్చిన చాప తెచ్చినవా రాజారాం?" అని పక్క వల దగ్గరున్న తుకారాం నవ్వాడు.

"సచ్చిందైతే తోక గట్ల కొడతదా? కండ్లు తెరిచి నవ్వు!"

మరో రెండు పట్టాం. అవీ అంతే. భీమన్న అడిగాడు: "గీ వల ఎవరు అల్లిండ్రు?"

"మా వదిన."

"మొగడు పోయినామె చెయ్యి తాకితే తల్లి ఊకుంటదా? ఈ ఏడు హన్మవ్వ వాటా బంద్."

మూడేళ్ల కింద అన్న పోయాక ఆ వాటా చేపలతోనే వదిన బతుకుతోంది. ఆమె గట్టు మీద నిలబడే ఉంది.

"నిరుడు గూడ నేనే అల్లిన మామా. నిరుడు తల్లి సూడలేదా?" అంది.

నాకు ఒళ్లు మండింది. రోజూ దీపం పెట్టకుండా ముద్ద ముట్టని వాడిని, తల్లి కోపాన్ని కాదనను. కానీ ఆ కోపం తప్పు చేసిన వాళ్ల మీద కదా పడాలి?

నెల రోజులుగా చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చెరువు నిండా నీళ్లున్నా, ఊపిరాడనట్టు మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. సైకిల్ రిమ్ములకు మెరుపు పూత పూసే కార్ఖానా ఒకటి రెండేళ్ల కింద వాగు ఒడ్డున వెలిసింది. రిమ్ములు కడిగిన ఆకుపచ్చ నీళ్లు మురుగు మోరీలోంచి వాగులో పడి చెరువుకు వస్తాయి. అది అందరం చూస్తున్నదే. చూస్తూనే వదిన చేతిని తప్పుపట్టాం.

అదే వల భుజాన వేసుకుని, రెండు కుండలు తీసుకుని వాగు వెంట నడిచాను. మోరీ కలిసే చోటుకు పైన ఒక చేప పట్టాను, కింద ఒక చేప పట్టాను. రెండు కుండలూ తెచ్చి భీమన్న ముందు దించాను.

"ఎత్తి సూడు పెద్దయ్యా."

పైన పట్టిన చేప మొప్ప మందార పువ్వులా ఉంది. కింద పట్టింది బూడిద.

"వల ఒక్కటే, అల్లిన చెయ్యి ఒక్కటే. తల్లి కోపం మోరీ కాడికెల్లే మొదలైతదా? నువ్వే చెప్పు!"

భీమన్న రెండు మొప్పలూ మళ్లీ తనే ఎత్తి చూశాడు. తుకారాం నవ్వలేదు.

"హన్మవ్వ వాటా హన్మవ్వకే," అన్నాడు చివరికి.

"ఏం వాటా మామా? గీ బూడిదలనా?" అంది వదిన. "నాకు వాటా వద్దు. ఆ మోరీ ముయ్యుండ్రి."

ఆ మధ్యాహ్నం ఎవరూ వల దించలేదు. ఎర్ర మొప్పల చేపను పై వాగులోనే వదిలేశాను. అందరం తట్టలతో బంకమట్టి మోసి మోరీ నోట్లో కుక్కాం. ఆకుపచ్చ నీళ్లు వెనక్కి తిరిగి కార్ఖానా గేటు కిందనుంచి లోపలికి పాకాయి. కావలివాడు పాదాలు తడవకుండా స్టూలెక్కి కేకలేశాడు.

"మెషీన్లు ఖరాబైతయి! సేటు ఊకోడు!"

"నీ కాళ్లకే గంత భయమా? చాపలు పొద్దుమాపు గదే పీలుస్తున్నయి. సేటును పిలువు, ఓ గుక్క తాగి సూపియ్యమను!" అని అరిచాను.

వెనక్కి తిరిగి చూస్తే వదిన ఒడ్డున కూర్చుని తన చేతులతో తట్టలు నింపుతోంది. తట్టల వరుసలో ముందు నిలబడింది భీమన్న. ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాడు.

"పట్టు మామా," అంది వదిన.

ఆయన రెండు చేతులూ చాచి అందుకున్నాడు.