గూడ్సు షెడ్డు బడి

గూడ్సు షెడ్డు వెనక ఉన్న బడిలో మూడో తరగతికి వచ్చినా చాలామంది పిల్లలు అక్షరాలు కూడబలుక్కుంటూనే ఉండేవారు. జిల్లా పరీక్షల్లో ఆ బడి ఏటా అట్టడుగునే. అక్కడి హెడ్మిస్ట్రెస్‌ను అందరూ పెద్దటీచరమ్మ అనేవారు. ఆవిడ సొంత చెల్లెలు పార్కు ఎదుటి బడికి హెడ్మిస్ట్రెస్. ఆ బడి ఎప్పుడూ పైవరసలోనే.

పెద్దటీచరమ్మ మొండిది. బడి వదిలాక వరండాలో వెనకబడ్డ పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా చదివించేది. ఏడాది తిరిగేసరికి కొందరు కథల పుస్తకాలు గడగడా చదవసాగారు. చదవడం వచ్చిన పిల్లల అమ్మానాన్నలే ఒక్కొక్కరుగా టీసీ కోసం వచ్చారు. పార్కు బడిలో చదివించి చూశాకే చేర్చుకుంటారు మరి.

ఫలితాలు వచ్చాయి. బడి మళ్లీ అట్టడుగునే. సమావేశంలో విద్యాధికారి ఆవిడను అందరి ముందూ నిలబెట్టాడు.

"ఏడాదంతా ఏం చేస్తున్నారమ్మా? మీ చెల్లెలుగారిని చూసైనా నేర్చుకోరాదా?"

చెల్లెలు తలదించుకుంది. బయటికి వచ్చాక మెట్ల మీద అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా బడికి పేరు తెచ్చినవాళ్లలో సగంమంది నీ పిల్లలే. ఆ మాట నోటిదాకా వచ్చింది."

"బాగుందే, నారు నాది, కోత నీదీ! మరి చెప్పలేదేం?"

"చెబితే ఇకమీదట మీ బడివాళ్లను చేర్చుకోవద్దంటాడు. వాళ్లేం పాపం చేశారే?"

అక్క చెయ్యి విడిపించుకుని మెట్లు దిగింది.

మర్నాడు బట్టలు కుట్టే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. బడి మొత్తంలో చురుకైన పిల్ల అదే.

"కోప్పడకండి టీచరమ్మా. దీనికి చదువబ్బింది మీ చలవే. అందుకే అక్కడ వేద్దామని..."

"ఇక్కడే ఉంచకూడదూ? నేను చూసుకుంటాగా."

"మీరు చూసుకుంటారు, నాకు తెలీదా? పై తరగతికి మాస్టారేరీ? మీ మనవరాలైతే ఇక్కడే ఉంచుతారా, చెప్పండి."

ఉంచుతానని అనబోయి ఆగిపోయింది పెద్దటీచరమ్మ. పిల్ల సంచి గుండెలకు హత్తుకుని నేల చూపులు చూస్తోంది. ఆవిడ టీసీ మీద సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చింది.

పిల్లలు తగ్గారని వేసవి సెలవుల్లో ఒక టీచరు పోస్టు ఎత్తేశారు. రెండు తరగతులు ఒకే గదిలోకి వచ్చాయి. ఇటు తిరిగి పాఠం చెబుతుంటే అటు గోల, అటు తిరిగితే ఇటు.

ఒకరోజు కొత్తగా చేరిన పిల్ల తల్లి కిటికీలోంచి తొంగిచూసింది.

"మా చిన్నదానికి చదువు వస్తోందాండీ?"

"వస్తోందమ్మా," అంది పెద్దటీచరమ్మ. "తొందరగానే వస్తోంది."

తల్లి ముఖం వెలిగిపోయింది. పెద్దటీచరమ్మ బోర్డు వైపు తిరిగింది.