బొమ్మకు సరిపోయిన చొక్కా

టీకాల ల్యాబులో ఆమెను అందరూ తొందరమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది పెద్దసారు. ఇరవై ఏళ్లుగా అక్కడ ఆయన చెప్పిందే వేదం కాబట్టి, పేరు కూడా అతుక్కుపోయింది.

టీకా చేయాలంటే ముందు వైరస్‌ను చంపాలి. ఎలా చంపాలన్నదే ఇద్దరికీ పేచీ. పెద్దసారుది ఫార్మలిన్ పద్ధతి, రోజుల తరబడి ఆ రసాయనంలో ఉంచి చంపడం. చావడం బాగానే చస్తుంది గానీ, దాని ఒంటి మీది ముళ్లు ఒకదానికొకటి అంటుకుని రూపమే మారిపోతోందని తొందరమ్మ వాదన. మారిపోయిన ముఖం చూపించి, రేపు అసలువాణ్ణి పట్టుకోమంటే ఒళ్లు ఎలా పట్టుకుంటుంది? ఆమె తెచ్చిన కొత్త రసాయనం వైరస్ లోపలి జన్యువులను పాడుచేస్తుంది, పైరూపం జోలికి పెద్దగా పోదు.

వాదన బాగానే ఉంది, ఫలితాలే ముఖం చాటేశాయి. రెండు టీకాలూ ఎలుకలకు వేసి, వాటి నెత్తురులోంచి తీసిన సీరం పరీక్షిస్తే మూడుసార్లూ ఫార్మలిన్‌దే గెలుపు. శుక్రవారం మీటింగులో కొత్త పద్ధతికి మంగళం పాడటం ఖాయమైపోయింది. రెండేళ్ల కష్టం గంగపాలు!

బుధవారం పొద్దున ఇంట్లో దర్జీపని చేసే వాళ్లమ్మ ఒక చొక్కా పట్టుకుని తల బాదుకుంటోంది.

"కొయ్యబొమ్మకి తొడిగితే అచ్చంగా సరిపోయిందే! కుట్టించుకున్నాయనకేమో చంకల్లో పట్టేసిందట."

"బొమ్మ కొలతలకి కుట్టి, బొమ్మకే తొడిగి చూస్తే సరిపోక చస్తుందా అమ్మా?" అని నవ్వబోయిన తొందరమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

సీరం వైరస్‌ను ఎంత పట్టుకుంటుందో చూసే పరీక్ష పళ్లెం అడుగున పూత పూసేది ఏ వైరస్‌తో? చచ్చినదానితో. దేనితో చంపినదానితో? ఫార్మలిన్‌తో! రూపం మారిన వైరస్‌ను చూసి తయారైన సీరాన్ని, రూపం మారిన వైరస్ మీదే కొలుస్తున్నారు. గెలవక ఏం చేస్తుంది? ల్యాబులో ఇంతమంది తలపండినవాళ్లున్నారు, ఒక్కరికీ తట్టలేదు. పళ్లేలకు పూత పూసింది తన చేతులే, తనకూ తట్టలేదు. తనను తానే తిట్టుకుంటూ, ఒక చెప్పు తనది, ఒకటి వాళ్లమ్మది వేసుకుని ల్యాబుకు పరుగెత్తింది.

"మళ్లీ ఏం కొంప మునిగింది తొందరమ్మా?" అన్నాడు పెద్దసారు.

"సార్, మనం బొమ్మకి తొడిగి చూస్తున్నాం సార్!"

ఆమె రొప్పుతూ సంగతంతా చెప్పింది. పెద్దసారు పాత పరీక్షల పుస్తకం తీసి తిరగేశాడు.

"సరే, బతికున్న వైరస్‌తో పెట్టు. కానీ ఏ సీసాలో ఏ సీరం ఉందో నీకు తెలియకూడదు. నంబర్లు నేను వేస్తా."

ఆరు సీసాలు, మూడు పాత టీకావి, మూడు ఆమెవి. ఒక్కో సీరాన్ని బతికున్న వైరస్‌తో కలిపి, పళ్లెం గుంటల్లో పెంచిన కణాల మీద పోసింది. రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. శుక్రవారం మీటింగుకు అరగంట ఉందనగా పళ్లెంలో ఊదారంగు పోసి కడిగింది. సీరం కాపాడిన కణాలకు రంగు అంటుకుంటుంది, వైరస్ చంపినవి నీళ్లతో కొట్టుకుపోతాయి. సీసాకో వరుస; గుంట గుంటకూ సీరం పలచనవుతుంది, రంగు ఎంత దూరం నిలిస్తే సీరం అంత గట్టిది. ఒకటో వరుసలో మూడు గుంటల వరకే రంగు. రెండో వరుసలో తొమ్మిది. మూడూ నాలుగూ మళ్లీ మూడేసి. ఐదు, ఆరు వరుసలు మాత్రం పదింటి దాకా ఊదాగా మెరుస్తున్నాయి!

పెద్దసారు జేబులోంచి కాగితం తీశాడు.

"రెండు, ఐదు, ఆరు..." ఆయన కళ్లద్దాలు తీసేశాడు. "ఈ మూడు సీసాలూ నీవేనమ్మా."

తొందరమ్మ ఎగిరి గంతేసింది. స్టూలు పడిపోయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఇరవై ఏళ్లు తప్పు కొలత పట్టుకుని కూర్చున్నాను," అన్నాడాయన కాగితం మడుస్తూ. "మీటింగులో ఈ మాట నేనే చెప్పాలి. ఇంకోసారి చేసి చూపించాలని కూడా చెప్తా. పద."

ఆమె కదల్లేదు. ఆ ఊదా గుంటల మీంచి కళ్లు తిప్పుకోలేకపోతోంది. అప్పటికే తలుపు దాటిన పెద్దసారు వెనక్కి తొంగిచూసి అరిచాడు.

"తొందరమ్మా! ఇవాళ మాత్రం తొందరపడవేం!"