గుడ్డ చూసి కొట్టండి

మా మెట్ట బడిలో చదువు పూర్తయిందని తేల్చేది పరీక్ష కాదు, తాడు. చివరి తరగతి వాళ్ళు తమ కాలంలో రేవు బడి కుర్రాళ్ళ నడుముల మీంచి లాగేసుకున్న పచ్చ టుపెనులన్నీ, అంటే నడుముకి చుట్టుకునే యూనిఫాం గుడ్డలన్నీ, ఒకదానికొకటి ముడివేసి, ఆఖరి రోజు భోజనాలయ్యాక హాస్టలు వెనక గదిలో దూలానికి వేలాడదీస్తారు. ఆ గుడ్డ ఎవడిది, ఎక్కడ లాగాం, ఎవడి పళ్ళు రాలాయి అని ముడి ముడికీ ఆగి కథ చెప్పుకుంటారు. మా నాన్న అలాగే కట్టాడు, మా చిన్నాన్నలూ కట్టారు. మా పాస్టరుగారు కూడా కట్టారని విన్నాను గానీ, అడిగితే ఆయనకి దగ్గొస్తుంది.

మా టుపెను ఎరుపు, వాళ్ళది పచ్చ. చొక్కాలు ఇద్దరివీ తెల్లవే. కాబట్టి మా దీవి రాజధాని నుకుఅలోఫా బస్టాండులో ఎదుటివాడు మిత్రుడో శత్రువో తేల్చుకోవాలంటే మొహం చూసి లాభం లేదు, నడుం చూడాలి. మా తరగతివాడూ బడిపిల్లల నాయకుడూ అయిన ప్రిఫెక్టు ఫెయావో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పే మొదటి పాఠం ఇదే. మా ఆఖరి రోజు పొద్దున కూడా, రేవు వాళ్ళు మీద పడొచ్చని, చిన్న తరగతుల వాళ్ళని గేటు గోడ వెంట నిలబెట్టి, చేతుల నిండా పగడపు రాళ్ళిచ్చి మరీ చెప్పాడు.

"గుడ్డ చూసి కొట్టండి. వాడేమన్నా వినకండి. దెబ్బ పడగానే ప్రతివాడూ నేను మీవాణ్ణేరా అంటాడు. వెధవలు మన పేర్లు కూడా నేర్చుకుని వస్తారు. చెవులు మూసుకోండి, కళ్ళు తెరవండి. తెలిసిందా?"

"తెలిసిందన్నా!" అని గోడంతా అరిచింది. పన్నెండేళ్ళ బుడంకాయలు! ఒక్కొక్కడు వాడి తలకాయంత రాయి పట్టుకుని, యుద్ధానికి పోతున్న సేనాపతిలా ఫోజు.

మధ్యాహ్నం గుంటపొయ్యి తవ్వి పంది మాంసం, చామాకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన గొడ్డుమాంసం తీశారు. పొట్ట పగిలేలా తిన్నాం. బయట వాన మొదలైంది. వెనక గదిలో చాపల మీద చేరగిలబడి తాడు కథలకి దిగాం.

మొదటి ముడి సకోపోది. వాడు నవ్వించకుండా ఏదీ చెప్పలేడు. "ఇది బేకరీ దగ్గర లాగిందిరా. ఆ లావుపాటోణ్ణి అద్దంలోంచి లోపలికి విసిరాం కదా, రొట్టెల మీద పడ్డాడు. లేచి చూస్తే వాడి పన్ను రొట్టెలో దిగిపోయి ఉంది. బేకరీ ఆవిడ అప్పుడు కూడా, 'ఆ రొట్టె ఎవరు కొంటారు?' అనే అడిగింది."

గదంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. రెండో ముడి చర్చి మెట్ల మీద విరిగిన చెయ్యిది. మూడోది, రేవు వాళ్ళు మా సకోపోని కరెంటు స్తంభానికి కట్టి సైకిల్ గొలుసుతో వాయించినందుకు మేం తీర్చుకున్న బదులు. సకోపో చొక్కా ఎత్తి వీపు చూపించాడు, ఏదో పతకం చూపించినట్టు. ఆరేళ్ళ చదువంతా వెనక్కి తిరిగి చూసుకుంటే మాకు గుర్తున్న లెక్కల పాఠం ఒక్కటీ లేదు. గుర్తున్నవన్నీ ఎముకలే.

"కెలెపీ, నువ్వూ ఏదో ఒకటి చెప్పరా," అన్నాడు సకోపో నన్ను మోచేత్తో పొడిచి. "బస్సు కింద పడుకుని చూసినోడివి, నీకే అన్నీ బాగా కనపడుంటాయి."

దెబ్బలాట మొదలైతే నేను బస్సు కింద దూరతానని తరగతంతటికీ తెలుసు. దానికి నేనేం సిగ్గుపడను. నా పళ్ళన్నీ నా నోట్లోనే ఉన్నాయి.

ఆఖరి ముడి దగ్గర నవ్వులు ఆగాయి. ఆ గుడ్డకి నెత్తురు మరకలు ఎండి నల్లబడి ఉన్నాయి. అంచు మీద సిరాతో పేరుంది, మోతులికి అని. మూడేళ్ళ కిందట బస్టాండు కొట్లాటలో మా లిసియాతె ఎడమ కన్ను పోయింది. అప్పుడు వాడి పిడికిట్లో దొరికిన గుడ్డ ఇదే. ఫెయావోయే లిసియాతెని వీపున వేసుకుని ఆస్పత్రి దాకా పరుగెత్తాడు. పోలీసులు గుడ్డ మీద పేరు చూసి మోతులికిని పట్టుకున్నారు. కోర్టులో వాడు ఒకటే మాట. నేను కొట్టలేదు, ఆ గుడ్డ నేనే వాడికిచ్చాను అని. రేవు వాడు మెట్టవాడికి గుడ్డ ఇవ్వడమేంటని కోర్టులో బెంచీల మీద కూర్చున్న మేమంతా కడుపులు పట్టుకుని నవ్వాం. జడ్జి కూడా పెదవి కొరుక్కున్నాడు. వాడికి జైలు పడింది, కేసు ముగిశాక గుడ్డ మా చేతికొచ్చింది.

ఫెయావో లేచి ఆ ముడి పట్టుకున్నాడు. "మోతులికి బయటికొచ్చాడు. రేవులో ఓడల దగ్గర మూటలు మోస్తున్నాడు. పని దిగి ఇప్పుడు బస్టాండుకొస్తాడు, ఒక్కడే. రేపు మనం ఈ బడి పిల్లలం కాము. ఇవాళే తేలిపోవాలి. వాడి కన్ను తెచ్చి ఈ ముడిలో కట్టి పోదాం."

వాడి చేతిలో కొబ్బరితోట కత్తి ఉంది. మిగిలినవాళ్ళు మంచాల కింది నుంచి కర్రలు, గొలుసులు లాగారు. పోలీసులు రంగు చూసి గుర్తుపడతారని లిసియాతె తప్ప అందరం ఎర్ర టుపెనులు విప్పేసి, చొక్కాలు తీసేసి, నిక్కర్లతో నిలబడ్డాం. ఫెయావో కళ్ళలో చూశాను. ఈసారి ఇది పళ్ళతో పోయేది కాదు, చంపేస్తారు.

"వెళ్ళొద్దు," అన్నాడు లిసియాతె.

వాడు మూల కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ మూలనే కూర్చుంటాడు, ఎడమవైపు గోడ ఉండేలా. ఆ వైపు నుంచి ఎవరొచ్చేదీ కనపడదు కదా.

"మోతులికి నన్ను కొట్టలేదు."

"మరి కన్ను ఏ కోడి పొడిచిందిరా?" అన్నాడు సకోపో.

లిసియాతె లేచాడు. "ఆ రోజు రేవు వాళ్ళు ముగ్గురు కలిసి నా టుపెను లాగి చింపేశారు. చెడ్డీతో మురుక్కాలవలో పడ్డాను. తలెత్తితే బస్సు. బస్సు మెట్ల మీద మా అక్క ఫీపె."

గదిలో అందరి తలలూ వంగిపోయాయి. అక్క ముందు మేం ఒక చెడ్డ మాట అనం. ఆమె ఉన్న గదిలో చొక్కా లేకుండా కూర్చోం. ఊళ్ళో దొంగలు కూడా తప్పని మర్యాద అది.

"అక్క మొహం తిప్పేసుకుంది. నాకు చచ్చిపోతే బాగుండుననిపించింది. మోతులికి ఇదంతా చూశాడు. వాడికీ అక్కచెల్లెళ్ళున్నారు. వాడి గుడ్డ విప్పి నా మీద పడేసి, 'కట్టుకోరా, మీ అక్క ఉంది' అన్నాడు. అనేసి తను నిక్కరుతో పరుగెత్తాడు. నేను అది కట్టుకుని లేచాను. బస్సు వెళ్ళిపోయింది. ఇలాంటి వానే. వెనకనుంచి మీరొచ్చారు."

"అబద్ధం," అన్నాడు ఫెయావో.

"నేను మీవాణ్ణేరా అని అరిచాను. 'వాళ్ళలాగే అంటారు, కొట్టండి' అన్నాడొకడు. ఒకే కంచంలో తిన్నవాడి గొంతు నాకు తెలీదట్రా? మిగిలినవాళ్ళు ముందుకి పరుగెత్తాక నన్ను వెల్లకిలా తిప్పి నువ్వు, 'అయ్యో దేవుడా' అన్నావు. నా నడుం మీంచి ఆ గుడ్డ విప్పి నా పిడికిట్లో పెట్టావు."

ఫెయావో వాడి చెంప మీద కొట్టాడు. లిసియాతె తల గోడకి తగిలి చప్పుడైంది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి దిగింది. తుడుచుకోలేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుక్కూర్చున్నావురా?" అని అరిచాను నేను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

"ఆస్పత్రిలో మెలకువొచ్చేసరికి వీడు నా కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్నాడు. మీరంతా నాకోసం ఉపవాసాలున్నారు. ఇది చెప్తే నాకు ఎవరు మిగుల్తార్రా? వాడు జైలుకి పోతే పోయి వస్తాడులే అనుకున్నాను. ఇప్పుడు మీరు కత్తి పట్టుకు పోతున్నారు."

"వీడికి బుర్ర చెడింది," అన్నాడు ఫెయావో. "పదండ్రా."

ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకడు కదిలాడు. వాడి వెనక ఇంకొకడు. ఆరేళ్ళుగా ఫెయావో పదండనడం, మేం పోవడం అలవాటు. కాళ్ళు బుర్రని అడగవు.

లిసియాతె తాడులోంచి ఆఖరి గుడ్డ ఒక్క గుంజుతో లాగేసుకున్నాడు. ఎర్రది విప్పి పారేసి, నెత్తురు మరకల పచ్చగుడ్డ నడుముకి బిగించాడు. "వాడి దగ్గరికి పోవాలంటే దార్లో నేనుంటాను. ఒకసారి కొట్టారుగా, చేతకాదని అనకండి," అని హాస్టలు వెనక కంచె కంతలోంచి వానలోకి దూకాడు.

ఆ కంత దాటితే బాట మలుపు తిరిగి, మా బడి గేటు ముందు నుంచే బస్టాండుకి పోతుంది. గేటు గోడ మీద పొద్దుటి బుడంకాయలు ఇంకా కాపలా ఉన్నారు. ఆ సంగతి అందరికంటే ముందు ఫెయావోకి తట్టింది. "పిల్లలు!" అన్నాడు. కత్తి అక్కడే పారేసి పరుగెత్తాడు. నేను వాడి వెనక పరుగెత్తాను.

మేం మలుపు తిరిగేసరికి మొదటి రాయి పడింది. ధారగా వాన. అందులో తల వంచుకుని పోతున్న పచ్చగుడ్డ తప్ప ఇంకేం కనపడటం లేదు. రెండో రాయి లిసియాతె భుజం మీద, మూడోది మోకాలి మీద. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. గోడ మీంచి పిల్లలు కేకలేస్తూ దూకారు, కర్రలతో.

"ఆపండ్రా! మనవాడేరా!" ఫెయావో లిసియాతెని కింద పడేసి, వాడి మీద బోర్లా పడుకున్నాడు.

"వాళ్ళలాగే అంటారు, కొట్టండి!" అంది ఒక పీల గొంతు.

"నేను ఫెయావోని రా!"

"పేర్లు కూడా నేర్చుకుని వస్తార్రా!"

వాడి ఒంటి మీద ఎర్రగుడ్డ లేదు. తెల్లచొక్కా కూడా లేదు. నిక్కరుతో బురదలో పడి ఉన్న వీపు మాత్రమే. నేర్పినదంతా పొల్లుపోకుండా గుర్తుంది పిల్లలకి. చెవులు మూసుకుని, గుడ్డ చూసి కొట్టారు. వీపు మీద, మోచేతుల మీద, తల మీద. ఫెయావో మొహం ఎత్తి మళ్ళీ ఏదో చెప్పబోయాడు. పగడపు రాయి దవడకి తగిలింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. ఆ తర్వాత వాడు మాట్లాడలేదు, కానీ లిసియాతె మీంచి లేవలేదు.

నేను మధ్యలో దూరాను. జన్మలో మొదటిసారి, దాక్కోడానికి బస్సు లేక. నా చెవి చిరిగింది, రెండు పళ్ళు బురదలో కలిశాయి. వెనకనుంచి మా తరగతి వాళ్ళంతా వచ్చి పిల్లల్ని జుట్లు పట్టి ఈడ్చేదాకా దెబ్బలు ఆగలేదు. అప్పుడు ఆ పిల్లల్లో ఒకడు వంగి, ఫెయావో మొహం చూసి, చేతిలో కర్ర వదిలేసి వాంతి చేసుకున్నాడు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు మమ్మల్ని. ఫెయావో దవడ ఒక పక్కకి వేలాడుతోంది, గుడ్డతో తలకి కట్టారు. రేపటి వీడ్కోలు సభలో చివరి తరగతి తరఫున ఉపన్యాసం చెప్పవలసినవాడు. పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా బడిలో చదివినవాడే, ఆయన తాడూ ఎక్కడో ఉండే ఉంటుంది.

"ఎవరు చేశారిది?"

పిల్లల్లోంచి ఒకడు ముందుకొచ్చాడు, వాంతి చేసుకున్నవాడే. చేతిలో లిసియాతె నడుం మీంచి ఊడిన, బురదపట్టిన పచ్చగుడ్డ. "రేవు వాళ్ళు సార్. ఇదిగోండి, అంచు మీద పేరు కూడా ఉంది."

వాడికి ఆ మాట ఎవరూ నేర్పలేదు. నేర్పక్కర్లేదు కూడా.

ఇన్‌స్పెక్టరు గుడ్డ తిప్పి చదివాడు. "మోతులికి. మళ్ళీ వీడేనా? జీపు తియ్యండి, రేవుకి."

మా తరగతంతా అక్కడే ఉంది. అందరూ నేలచూపులే. లిసియాతె ఫెయావోనే చూస్తున్నాడు.

ఫెయావో లేచాడు. నర్సు వద్దంటున్నా లేచాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టుకుని ఆపాడు. నోట్లోంచి నెత్తురు, చొంగ తప్ప మాట రావడం లేదు. తన పిడికిలి బిగించి, మెల్లిగా తెచ్చి, లిసియాతె పోయిన కంటి మీద ఆనించాడు. తర్వాత అదే పిడికిలితో తన గుండె మీద కొట్టుకున్నాడు. మళ్ళీ కన్ను, మళ్ళీ గుండె. ఏడుస్తూ, కొట్టుకుంటూనే ఉన్నాడు.

"ఏమంటున్నాడయ్యా వీడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లిసియాతె ఆ పిడికిలిని రెండు చేతుల్తో పట్టుకుని ఆపాడు. "మోతులికి కోర్టులో చెప్పింది నిజమే అంటున్నాడు సార్. ఆ గుడ్డ వాడే నాకిచ్చాడు, కట్టుకోమని."

మూడేళ్ళ కిందట మేం నవ్విన మాట అదే. ఈసారి ఎవరూ నవ్వలేదు.