సాలమోను చేతిలో పోయిన గొంతు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి గానీ, సగంలో లేచిపోకండి. రాజోలులో బస్సులు ఆగే చోట, కాలవగట్టు వైపు, రేడియోలు బాగుచేసే సాలమోను అని ఒకాయన ఉండేవాడు. ఆయన పేరెత్తితే ఇప్పటికీ కొందరు పెదవి విరుస్తారు. ఆ పెదవి విరుపు ఏ రోజు మొదలైందో, ఆ రోజు అసలు జరిగిందేమిటో చెబుతాను.

ఆ పొద్దున్న సాలమోను టీకొట్టు నూకయ్య రేడియో వీపు విప్పి, లోపల కాపురం పెట్టిన బొద్దింకలను పాత పళ్ళబ్రష్షుతో ఊడుస్తున్నాడు. పొడుగాటి మనిషి. బల్ల మీదికి వంగీ వంగీ వీపు అలాగే ఉండిపోయింది. కళ్ళజోడుకు ఒక పక్క కాడ విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. వేళ్ళ నిండా టంకం చుక్కలు పడి కాలిన మచ్చలు. ఛాతీలో ఉబ్బసం. పని చేస్తూ చేస్తూ ఆగి, బల్ల అంచు పట్టుకుని, ఈల వేస్తున్నట్టు గాలి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. కొట్టు ఎంతంటే, ఆయనా బల్లా పట్టాక మూడో మనిషి రావాలంటే ఆయన మోకాళ్ళు ముడుచుకోవాలి.

"ఏవండీ సాలమోనుగారూ, మా రేడియోకి జబ్బు నయమైందాండీ?" అని పక్క కొట్లోంచి నూకయ్య కేక వేశాడు. "నిన్నంతా వార్తలు చదివే ఆయన పడిశెం పట్టినట్టు మాట్లాడేడండి."

"ఆయనకేం కాలేదు నూకయ్యగారండి. మీ పంచదార తిని బలిసిన బొద్దింకలు ఇందులో పిల్లల్ని పెట్టేయి."

"ఆయ్! అయితే బారసాల మీరే చేసెయ్యండి."

సాలమోను నవ్వితే దగ్గు వచ్చేది. అందుకని పెదవులు బిగించి నవ్వేవాడు.

ఆయన తల్లీ తండ్రీ వరిచేలో కూలికి వెళ్ళినవాళ్ళు. ఆయన చిన్నప్పుడే ఊళ్ళో ఆసుపత్రిలో దీపాలు వెలిగించే జనరేటరు చూసే మనిషి వెనక తిరిగి ఈ పని పట్టాడు. సువార్త కూటాలకు మైకు కట్టాడు, పెళ్ళిళ్ళకు కట్టాడు, నాటకాలకు కట్టాడు. ఎవరు పాడినా, ఎవరు ప్రసంగించినా, ఆయన పందిరి వెనక వైర్ల దగ్గరే కూర్చునేవాడు. జనం ఆయన ముఖం చూసేది మైకు కూత పెట్టినప్పుడే. పెళ్ళాం హన్నా ఇంట్లో కుట్టుపని చేసేది. పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు, ఎవరూ ఆయన్ని అడగలేదు.

అప్పటికి మన ఆడవాళ్ళు కువైటు వెళ్ళడం మొదలై కొన్నేళ్ళయింది. అక్కడ ఇళ్ళల్లో వంటా, గిన్నెలూ, పిల్లల్ని చూడడం. ఉత్తరం రాయడం రానివాళ్ళు క్యాసెట్టులో మాట్లాడి, వచ్చేవాళ్ళ చేత పంపేవారు. ఇక్కడివాళ్ళు అది విని, అదే క్యాసెట్టు మీద తమ జవాబు చెప్పి, వెళ్ళేవాళ్ళ చేత తిప్పి పంపేవారు. కొత్త మాట ఎక్కితే పాత మాట చెరిగిపోతుంది. పోతే పోనీ, మనిషి ఉంది కదా, మళ్ళీ మాట్లాడుతుంది కదా అనుకునేవారు.

టేపురికార్డరు లేనివాళ్ళు సాలమోను కొట్టుకు వచ్చేవారు. ఆయన క్యాసెట్టు పెట్టి, మీట నొక్కి, లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. చూరు కింద, రోడ్డు వైపు తిరిగి, వానైనా ఎండైనా అలాగే నిలబడేవాడు. లోపల ఏడుపులు అయ్యి, ముక్కులు చీదుకోవడం అయ్యి, "అయిపోయిందండీ" అని పిలిస్తేనే తిరిగి వచ్చేవాడు.

"మీ కొట్లోంచి మిమ్మల్నే గెంటేసేరేంటండీ?" అని నూకయ్య ఆట పట్టించేవాడు.

"వాళ్ళ మాటలు వాళ్ళవి కదండీ. నేనెందుకు మధ్యన?" అనేవాడు.

బొద్దింకల పని ముగిసేసరికి రాహేలు వచ్చింది. కాలవ అవతలి పేట ఆవిడది. పాత చీరలో చుట్టిన టేపురికార్డరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు రూతు కువైటులో ఉండేది. ఆ పెట్టె రూతు సెలవుకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చిందే. ఆ వేసవిలో రూతు అక్కడే పోయింది. జ్వరం అన్నారు. అక్కడే మట్టి చేశారు. బట్టల సూట్‌కేసు మాత్రం ఇంటికి వచ్చింది. పేటలో ఫొటో తీసే ఆయన ఎప్పుడూ లేడు. రూతు పాస్‌పోర్టు ఫొటో రూతుతోనే పోయింది.

"అన్నయ్యగారండీ, ఇది నోరిప్పట్లేదండి," అంది రాహేలు. "పిల్ల ఆఖర్న పంపిన క్యాసెట్టండి. వచ్చినప్పుడు శుభ్రంగా మాట్లాడిందండి. జవాబు చెబుదామని ఎర్ర మీట నొక్కి, బాగున్నాను, గేదె ఈనింది అని నాలుగు ముక్కలు చెప్పి ఆపేసేను. మిగతాది ఆదివారం చెబుదాంలే అనుకున్నాను. ఈలోపే కబురొచ్చేసింది. మిగతా టేపంతా పిల్ల మాటలే ఉండాలి కదండీ? ఎప్పుడు పెట్టినా బుస్సుమంటంది."

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"కబురొచ్చిన కాడి నుంచీనండి. పొద్దున్నా సాయంత్రం పెడతన్నాను. అటు పక్క, ఇటు పక్క, మొత్తం తిరగనిస్తన్నాను. చెవి ఆనించి వింటే ఎక్కడో దూరంగా పిలిచినట్టే ఉంటదండి. వైరేదో ఊడుంటది. ఎర్ర మీట మాత్రం మళ్ళీ ముట్టలేదండి, ఒట్టు. అది ముడితే చెరిగిపోద్దని పిల్ల మరీ మరీ చెప్పింది."

"ఆయ్. చూస్తాను రాహేలమ్మా. బజారులో పనుంటే చూసుకుని సాయంత్రం రా."

"గొంతొక్కటి వినిపిస్తే చాలండి. ఇంకేం అక్కర్లేదు," అని ఆవిడ గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, చీరముక్కతో పెట్టె మీద దుమ్ము తుడిచి వెళ్ళింది.

సాలమోనుకు అది చేతికి అలవాటైన పనే. ముందు బ్యాటరీలు తీసి కరెంటు వైరు పెట్టాడు. చక్రాలు తిరిగాయి, బుస్సుమంది. స్పీకరు విప్పి దాని రెండు కొసలకూ బ్యాటరీ తాకించాడు. టక్కుమంది, బాగానే ఉంది. లోపలి వైర్లు ఒక్కొక్కటే వేలితో లాగి చూశాడు, ఒకటి వదులుగా ఉంటే టంకం వేశాడు. పెట్టె పక్కనున్న చిల్లులో తీగ గుచ్చి, తన మైకు సెట్టుకు కలిపాడు. అదే బుస్సు, ఇంకాస్త పెద్దగా. స్పిరిట్‌లో ముంచిన దూదితో, టేపు ఆని పలికే హెడ్డు తుడిచాడు. దూది గోధుమరంగు అయింది గానీ గొంతు రాలేదు.

పెట్టె తప్పో, టేపు తప్పో తేలాలంటే మరో క్యాసెట్టు పెట్టి చూడాలి. అలా చూడడానికి ఆయన దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది. చాలా ఏళ్ళ కిందట హన్నా పాడిన కీర్తన, ఆయనే పట్టింది. ముందు తన టేపురికార్డరులో పెట్టాడు. హన్నా పాడింది. సగంలో ఆపి, తీసి, రాహేలు పెట్టెలో పెట్టాడు. బుస్సు. కాసేపు తిరగనిచ్చి, మళ్ళీ తన దాంట్లోకి మార్చి, కొంచెం వెనక్కి తిప్పి నొక్కాడు. హన్నా పాడుతూ పాడుతూ చటుక్కున ఆగిపోయింది. ఉత్త బుస్సు. ఆ తర్వాత మరో చరణం మధ్యలోంచి, ఏమీ జరగనట్టు, మళ్ళీ అందుకుంది.

సాలమోను దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని, దీపం దగ్గరికి లాక్కుని, రాహేలు పెట్టెలోకి తొంగి చూశాడు. పాత మాట చెరపడానికి అందులో చింతగింజంత అయస్కాంతం ఉంటుంది. ఎర్ర మీట నొక్కితే ముందుకు వచ్చి టేపుకు ఆనాలి, వదిలితే వెనక్కి పోవాలి. ఉప్పుగాలికి దాని స్ప్రింగు తుప్పు పట్టింది. ఆ రోజు గేదె ఈనిందని చెప్పడానికి ముందుకు వచ్చిన అయస్కాంతం, మరిక వెనక్కి వెళ్ళలేదు. ఆ పెట్టెలో ఏ టేపు తిరిగినా ముందు అయస్కాంతానికి రాసుకుని, తుడుచుకుపోయి, ఆ తర్వాతే వినిపించే హెడ్డు దగ్గరికి వస్తుంది. ఆ పెట్టెలో వినడమంటే చెరపడమే.

పొద్దున్నా సాయంత్రం. అటు పక్క, ఇటు పక్క. చెవి ఆనించి.

"టీ తెమ్మంటారాండీ?" అని నూకయ్య అడిగాడు. సాలమోను ఊపిరి అందక బల్ల అంచు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

తర్వాత రాహేలు క్యాసెట్టు తన టేపురికార్డరులో పెట్టి మీట నొక్కాడు. అలవాటు కొద్దీ బయటికి పోవడానికి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఒకరి ఇంటి మాటల కోసం ఆయన చెవి పెట్టడం అదే మొదలు. ఒక పక్క మొత్తం విన్నాడు. బస్సులు వచ్చి పోయాయి, బల్బు మార్చమని ఒకాయన వచ్చి తిట్టుకుంటూ పోయాడు. రెండో పక్క తిప్పాడు. రాహేలు చెప్పిన గేదె కూడా లేదు. ఒకచోట మాత్రం టేపు మడత పడి ఉంది. ఆ మడత అయస్కాంతానికి ఆనకుండా తప్పించుకున్నట్టుంది. అక్కడ ఏదో ఉంది. వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. కారు హారను. అంతే.

పొద్దు వాలుతుండగా రాహేలు వచ్చింది. గుమ్మం బయటే నిలబడి ఆయన ముఖం చూసింది. సాలమోను ఆ మడత దగ్గరికి తిప్పి నొక్కాడు.

"ఏదో వచ్చిందండీ! ఏంటండీ అది?"

"కారు హారనమ్మా."

"ఆ దేశం కారా?"

"ఆయ్."

"అయితే పిల్ల ఆ పక్కనే కూచునుంటది," అని రాహేలు లోపలికి వచ్చి, స్పీకరుకు చెవి ఆనించింది. "తిప్పండి. ముందుకు తిప్పండి అన్నయ్యగారండీ."

ఆయన తిప్పలేదు. మీట నొక్కి ఆపేశాడు.

"రాహేలమ్మా. వైరు ఊడింది నిజమే. అది అతికించేసరికి పిల్ల మాటలు వచ్చేయి. బాగానే వచ్చేయి. నేనే చూసుకోకుండా ఎర్ర మీట నొక్కి వదిలేసేను. మొత్తం నా చేతిలో పోయింది."

రాహేలు ఆయన చేతుల వంక, ఆ కాలిన మచ్చల వంక చూసింది. "వచ్చేయా? మీరు విన్నారా?"

"ఆయ్."

"ఏమందండీ?"

అలా అడుగుతుందని సాలమోను అనుకోలేదు. ఇన్నేళ్ళూ చూరు కింద నిలబడ్డ మనిషికి, కువైటు పిల్లలు తల్లులతో ఏమంటారో తెలియదు. "అన్నం వేళకి తినమందమ్మా," అన్నాడు.

అప్పుడు ఆవిడ గొంతు లేచింది. "నీ చేతులు పడిపోను! నా పిల్ల నీకు చెప్పిందా ఆ మాట, నాకు చెప్పిందా? నువ్వు విని నాకు లేకుండా చేసేవు కదయ్యా! నీకో పిల్ల ఉంటే తెలిసేది!" క్యాసెట్టు లాక్కుని కొంగులో ముడివేసుకుంది. "ఆ పెట్టి నువ్వే పెట్టుకు ఊరేగు!" అని రోడ్డెక్కింది.

నూకయ్య టీకొట్టు ముందు జనం అందరూ విన్నారు. సాలమోను ఇల్లు చేరకముందే కబురు ఇల్లు చేరింది. హన్నా పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "నిజమేనాండీ?" అని అడిగింది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, పీట మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోయేది కదండీ! మీకెందుకీ నింద?"

"ఏమని చెప్పనే? కూతురి గొంతు కోసం రోజూ చెవి ఆనించి, నీ అంతట నువ్వే చెరిపేసుకున్నావమ్మా అననా? నన్నైతే తిట్టుకుంటది. తిట్టుకుంటే బతుకుతది." కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "నీ పాటలో కూడా ఓ చరణం పోయింది," అన్నాడు.

"నేను మళ్ళీ పాడతాను లెండి," అని హన్నా పొయ్యిలోకి ఊదింది. పొగకు కళ్ళు తుడుచుకుంది.

రాహేలు బతికి ఉండగా ఈ మాట బయటికి రాకూడదని ఆయన హన్నా చేత ప్రమాణం చేయించాడు. సాలమోను చెయ్యి పడితే పాటలు చెరిగిపోతాయని జనం అనుకున్నారు. కువైటు క్యాసెట్టులు రావడం మానేశాయి. రేడియోలు కూడా అద్దాల తలుపులతో కొత్తగా పెట్టిన రేడియో కొట్టుకు పోయాయి. ఆయన మాత్రం రోజూ తలుపు తీసి, బల్ల తుడిచి కూర్చునేవాడు. ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం నూకయ్య రెండుసార్లు టీకి పిలిచి, ఎగతాళిగా మూడోసారి పిలిచి, వచ్చి చూశాడు. సాలమోను బల్ల అంచు పట్టుకునే ఉన్నాడు. ఛాతీలో ఈల ఆగిపోయింది.

సమాధుల దొడ్డికి రాహేలు రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. అన్నం వేళకి తిన్నది. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆయన్ని తిట్టి మరీ తిన్నదని పేటలో చెబుతారు. మొన్న వానల్లో ఆవిడా పోయింది. హన్నా ప్రమాణం తీరిపోయింది.

అందుకే మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. గుర్తుపెట్టుకోండి. రాజోలులో ఎవరైనా సాలమోను పేరెత్తి పెదవి విరిస్తే, ఆగి, ఈ మాట చెప్పండి. మీ పిల్లలకూ చెప్పండి. నమ్మకపోతే హన్నా ఇంటికి తీసుకెళ్ళండి. కుట్టుమిషను పక్కన కిటికీలో రాహేలు వదిలేసిన పెట్టె ఇప్పటికీ ఉంది. పోయేముందు సాలమోనే దాని స్ప్రింగు మార్చాడు, అయస్కాంతం తీసేశాడు. వరసగా నల్ల మీటలు, వాటి చివర ఎర్ర మీటను పటకారుతో పీకేసిన చోట, ఊడిన పన్ను సందులాగా, నలుచదరపు ఖాళీ.